ఎనభై ఏడు ముకర్రర్

పోయిన వారం తహానీని ఎడిటింగ్ గది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని లోపలికి వెళ్దాం.

శనివారం పొద్దున, కైరోలో హరమ్ వీధిలోని హాజ్ రఫత్‌గారి కంపెనీలో ఎడిటింగ్ కంప్యూటర్ డిస్కు చచ్చిపోయింది. రంజాన్ సీరియల్ మొదటి రెండు భాగాలూ, నెల రోజులు కోసి అతికించినవి, ఉన్నపళంగా మాయమయ్యాయి. శుక్రవారం ఆఖరున గదికి తాళం వేసింది తహానీ కాబట్టి నింద కూడా ఆమెకే తాళం వేసుకుంది. ఆదివారం, డైరెక్టర్ వజీహ్ సలహా మీద, హాతెమ్ అనే ఇంజనీరును హాజీగారు పిలిపించారు. అంతకు ముందు ఆ అబ్బాయి ఈ మెట్లు ఎక్కినవాడు కాదు. గురువారం మధ్యాహ్నానికి రెండు భాగాలూ ఛానల్ చేతిలో పడకపోతే, రంజాన్ నెలంతా సీరియల్‌కు ఇచ్చిన ఆ గంట వేరే వాళ్ళకు వెళ్ళిపోతుంది. షూటింగ్ టేపులు మాత్రం అల్మారాలో క్షేమంగా ఉన్నాయి. ఏ టేపులో ఏ ముక్క ఎక్కడ ఉందో చెప్పగలిగింది ఒక్కటే, తహానీ చేత్తో రాసుకున్న నోటుపుస్తకం. ఇరవై రెండేళ్ళు ఊరి వాళ్ళందరి సినిమాలకూ అసిస్టెంటుగా చాకిరీ చేసిన మనిషికి, ఈ సీరియల్‌తో మొదటిసారి తెర మీద ఎడిటర్‌గా పేరు వేస్తామని మాటిచ్చారు. ఆ మాట ఇప్పుడు ఆ నోటుపుస్తకం మీద వేలాడుతోంది.

ఇవాళ మంగళవారం. పొద్దున పది గంటలు.

"రండాంటీ, రండి, మీ కోసమే చూస్తున్నాం," అన్నాడు హాతెమ్, కుర్చీ తిప్పకుండానే.

తహానీకి ఒళ్ళు మండింది. నలభై ఆరేళ్ళకే ఆంటీ ఏమిటి, వీడి మొహం మండ! కాని పళ్ళు బిగించి లోపలికి వచ్చింది. గోడ వారగా సోఫాలో హాజ్ రఫత్‌గారు జపమాల తిప్పుతూ కూర్చున్నారు. ఆయన పక్కన డైరెక్టర్ వజీహ్, ఒళ్ళో కాగితం పొట్లం పెట్టుకుని, ఉప్పు తిర్మిస్ గింజల పొట్టు వలుస్తున్నాడు. టీ పళ్ళెం పట్టుకుని బర్సూమ్ తలుపుకు ఆనుకుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, గదిలో టీ తాగేవాళ్ళకంటే సంగతులు తాగేవాడు ఆయనే.

"హాజీగారూ, నిన్న సాయంత్రం మేడమ్‌గారి పుస్తకంలో నుంచి ఎనభై ఏడో టేపు తాలూకు రెండు పేజీలు కంప్యూటర్లో ఎక్కించాను," అన్నాడు హాతెమ్. "ముప్ఫై ఒక్క క్లిప్పులు. ప్రతి దానికీ టేపులో మొదలయ్యే అంకె, ముగిసే అంకె. మీట నొక్కితే చాలు, యంత్రమే టేపు తిప్పుకుని, వెతుక్కుని, ఒకటొకటిగా లోపలికి లాక్కుంటుంది. మనం చెయ్యి పెట్టక్కర్లేదు. పుస్తకం నిజమైతే ఇక్కడ మన కథానాయిక నజ్లా హానెమ్ స్టేషన్లో ఏడవాలి. చూడండి."

మీట నొక్కాడు. తెర మీద ఒక గాడిద బండి వచ్చింది. బండి నిండా ఉల్లికాడలు. గాడిద కెమెరా వైపు తీరిగ్గా చూసి పక్కకు తిరిగింది.

బర్సూమ్ ఫక్కుమన్నాడు.

"ఇంకోటి. ఇందులో నజ్లా హానెమ్ కొడుకును కౌగిలించుకోవాలట." తెర మీద మేకప్ అతను గోడకు చేరబడి రొట్టెలో తామియ్యా వడ కుక్కుకుని తింటున్నాడు. చొక్కా మీద పడిన నువ్వుల తహీనా నాక్కుంటున్నాడు కూడా. "ఇది కొడుకా, మేడమ్? కాస్త ముదిరినట్టున్నాడే!"

వజీహ్ నవ్వు ఆపుకోలేక తిర్మిస్ గింజ గొంతుకు అడ్డం పడి దగ్గాడు. హాజీగారు నవ్వలేదు. అది ఇంకా నరకం. ఇరవై రెండేళ్ళలో ఒక్క అంకె తప్పు రాయలేదు తను. జ్వరంతో రాసింది, తల్లి పోయిన నాలుగో రోజున వచ్చి రాసింది. ఆ రాత ఇప్పుడు నలుగురి ముందు గాడిద బండి అయి కూర్చుంది.

"సిత్ తహానీ," అన్నారు హాజీగారు, నేల చూపులు చూస్తూ. "నువ్వంటే నాకు గౌరవం ఉందమ్మా. కాని గురువారం దగ్గర పడింది. హాతెమ్ స్నేహితుల స్టూడియో వాళ్ళు టేపులన్నీ తీసుకుపోయి, పదిమందిని పెట్టి మొదటి నుంచీ చూసి, ఎలాగో రెండు భాగాలు అతుకుతామంటున్నారు. సీరియల్ వాళ్ళ చేతికి పోతుంది, నిజమే. పొద్దుగూకే మగ్‌రిబ్ వేళకు వాళ్ళ మనిషి కాగితం తెస్తాడు. సంతకం పెట్టడం తప్ప నాకు దారి కనపడటం లేదు."

"బాధపడకు తహానీ," అన్నాడు వజీహ్, గింజల పొట్లం ఆమె వైపు చాపుతూ. "నేను హాజీగారికి చెప్పి చూశాను. నీ పేరు కోసం ఎంత పోరాడానో దేవుడికే తెలుసు. వచ్చే ఏడాది చూద్దాం."

వచ్చే ఏడాది! ఈ మాట విని విని ఆమె జుట్టు నెరిసింది. గింజలు తీసుకోలేదు. తెర దగ్గరికి నడిచింది.

"బాబూ హాతెమ్, జాబితా మొత్తం చూపించు."

"ఎందుకండీ, మళ్ళీ ఇంకో గాడిద..."

"మొత్తం చూపించమన్నాను."

ఆమె గొంతులో ఏదో ఉంది కాబోలు, హాతెమ్ చెయ్యి దానంతటదే కదిలింది. ముప్ఫై ఒక్క క్లిప్పులూ వరసగా తెర మీదికి వచ్చాయి. తహానీ కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని ఒకటొకటే తెరిచి చూసింది. మొదటిది సరిగ్గా ఉంది. రెండోది సరిగ్గా ఉంది. పదిహేడో దాని వరకూ ఒక్కటీ తప్పలేదు. రైలు, ప్లాట్‌ఫాం, నజ్లా హానెమ్ పెట్టె దించుకోవడం, అన్నీ ఆమె రాసిన చోటే ఉన్నాయి. పద్దెనిమిదో దాని నుంచి గాడిదలు.

"హాజీగారూ, ఇటు రండి," అంది. "ముప్ఫై ఒకటిలో పదిహేడు సరిగ్గా వచ్చాయి. ఈ బాబు మీకు పద్నాలుగులోంచే ఏరి చూపించాడు. నా పుస్తకం తప్పుల తడక అయితే వరసగా పదిహేడు ఎలా కుదిరాయి? గుడ్డివాడి రాయి ఒకసారి తగులుతుంది, పదిహేడు సార్లు తగులుతుందా?"

హాజీగారి జపమాల ఆగింది.

"అంటే సగం నుంచి పొరపాటు చేశారన్నమాట," అన్నాడు హాతెమ్. "మధ్యలో నిద్ర వచ్చిందేమో."

"రెండో పేజీ తియ్యి. పైన ఏం రాసి ఉంది?"

హాతెమ్ నోటుపుస్తకం తిప్పాడు. "ఎనభై ఏడు ముకర్రర్."

"కంప్యూటర్లో నువ్వేం రాశావు?"

"ఎనభై ఏడు. అల్మారాలో ఒక్కటే ఎనభై ఏడు ఉంది మరి! ముకర్రర్ అనే టేపు వెతికాను, లేదు. ఊరికే రెండుసార్లు రాశారనుకుని ఆ మాట తీసేశాను."

బర్సూమ్ టీ పళ్ళెం స్పీకరు పెట్టె మీద ఠపీమని పెట్టాడు. "ఓరి నాయనో! ఇంజనీరు బాబూ, మీ ఇల్లెక్కడ?"

"కొత్త ఊళ్ళో. ఆరో నంబరు విల్లా. ఎందుకు?"

"అదీ సంగతి! విల్లా పిల్లాడికి ముకర్రర్ అంటే ఏం తెలుస్తుంది? నేను పుట్టిందే షుబ్రా పేటలో పదకొండు ముకర్రర్‌లో. పదకొండుకూ పదమూడుకూ మధ్య సందులో ఒక ఇల్లు మొలిచింది, పన్నెండేమో ఎదుటి వరసది, దీనికి అంకె మిగల్లేదు, పదకొండునే మళ్ళీ ఇచ్చి పక్కన ముకర్రర్, అంటే 'మళ్ళీ అదే', అని రేకు కొట్టారు. మా నాన్న పెళ్ళి శుభలేఖల్లో ఆ మాట రాయడం మర్చిపోతే, సగం మంది పక్కింట్లో భోంచేసి వెళ్ళారు. అంకె ఒకటే అయినా ఇల్లు వేరు, బాబూ! పోస్టుమాన్‌కు తెలుసు, మున్సిపాలిటీకి తెలుసు, నీకే తెలీదు."

"టేపుకూ ఇంటికీ ఏంటి సంబంధం?" అన్నాడు హాతెమ్ చిరాగ్గా.

"ఉంది," అంది తహానీ. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చుంది. "నజ్లా హానెమ్ అలవాటు మీ అందరికీ తెలిసిందే. షాట్ అవగానే 'నేనెలా ఉన్నానో చూపించండి' అంటుంది. చూపించకపోతే తర్వాత షాట్‌కు రాదు. కెమెరామన్ టేపు వెనక్కి తిప్పి చూపిస్తాడు. మళ్ళీ షూటింగ్ మొదలు పెట్టేటప్పుడు మంచి షాట్ మీద ఎక్కడ పడుతుందో అని భయపడి, టేపు కాస్త ముందుకు తిప్పి అక్కడ్నుంచి మొదలు పెడతాడు. మధ్యలో కొంచెం ఖాళీ టేపు మిగిలిపోతుంది. ఆ ఖాళీ తగలగానే కెమెరాకు పాత లెక్క తెగిపోతుంది, మళ్ళీ సున్నా నుంచి ఎంచుతుంది. అంటే ఒకే టేపులో అయిదో నిమిషం రెండు చోట్ల ఉంటుంది. మొదటి అయిదో నిమిషంలో గాడిద ఉంది, రెండో అయిదో నిమిషంలో నజ్లా హానెమ్ ఏడుస్తోంది. రెండు కాపురాలున్న టేపుకు ఒకే అడ్రసు ఇస్తే ఉత్తరం ఎక్కడికి చేరుతుంది? అందుకే ఖాళీ దాటిన తర్వాత ఉన్న దానికి నేను వేరే పేరు పెట్టాను. యంత్రం ఎనభై ఏడు ముకర్రర్ అడిగితే, అదే క్యాసెట్టును ఖాళీ దాటేదాకా తిప్పి పెట్టాలి. అది వేరే టేపని యంత్రం అనుకుంటుంది. మనకు కావలసింది అదే."

కింద వీధిలో ఎవరో రంజాన్ లాంతర్ల తోరణం కడుతూ, "ఇంకాస్త లాగు! నీ బాబు కట్టిన తాడా!" అని అరుస్తున్నారు.

"మాటలు బాగున్నాయి," అన్నాడు హాతెమ్. "కాని మూడు వందల పన్నెండు క్లిప్పులు. ఈ రెండు భాగాలకే పంతొమ్మిది టేపులు. అందులో ఆరింటికి ఈ ముకర్రర్ గోల. అన్నీ ఎక్కించి, యంత్రం అన్నీ పట్టుకుని, ఒక్కటీ తప్పకుండా..."

"హాజీగారూ," అంది తహానీ అతన్ని అసలు చూడకుండా. "ఆ కాగితం మీద మగ్‌రిబ్‌కు కదా సంతకం? మగ్‌రిబ్ అజాన్ లోపు మూడు వందల పన్నెండూ ఈ పెట్టెలో ఉంటాయి. ఒక్కటి తప్పినా ఈ నోటుపుస్తకం నేనే చించి చెత్తబుట్టలో వేస్తాను. మళ్ళీ ఈ గదిలో అడుగు పెట్టను. తప్పకపోతే ఏం చేస్తారో మీ ఇష్టం."

హాజీగారు జపమాల జేబులో వేసుకున్నారు. "బిస్మిల్లా అని మొదలుపెట్టు," అన్నారు.

హాతెమ్ లేచి కుర్చీ ఇచ్చాడు. ఇవ్వక చస్తాడా!

అంకెలు చదవడానికి బర్సూమ్ బాబాయ్ కూర్చున్నాడు. నలభై ఏళ్ళు టీ ఆర్డర్లు అరిచిన గొంతు అది. "టేపు పన్నెండూ! రెండు నిమిషాల నాలుగు సెకన్లూ! మూడు నిమిషాల ఒక సెకనూ! ఒకటో భాగం, తొమ్మిదో ముక్కా! చక్కెర తక్కువ!" అని అరుస్తుంటే తహానీ వేళ్ళు టకటకలాడాయి. ప్రతి క్లిప్పుకూ మొదలు అంకెకు ముందు ఏడు సెకన్లు మంచి టేపు ఉందో లేదో చూసుకుంటూ ఎక్కించింది. యంత్రం ఎప్పుడూ కొంచెం వెనక్కి వెళ్ళి, పరుగు అందుకుని, అప్పుడు పట్టుకుంటుంది. ఆ పరుగుకు చోటు లేకపోతే పట్టు తప్పుతుంది. ఈ సంగతి ఆమెకు నేర్పింది మదామ్ ఆరాక్సీ. ఫిల్ము కత్తెరతో కోసే రోజుల్లో ఆ అర్మేనియన్ ముసలమ్మ చేతి కింద పదహారేళ్ళ తహానీ బల్ల తుడిచేది. "పిల్లా, కుట్టుకు బట్ట వదిలినట్టు ముక్కకు రెండు వైపులా వదులు. బిగించి కోసినవాళ్ళు తర్వాత ఏడుస్తారు," అనేది ఆవిడ. కంప్యూటర్ ఎలా ఉంటుందో చూడకుండానే పోయింది పుణ్యాత్మురాలు.

పన్నెండున్నరకు ఆఖరి అంకె పడింది. తహానీ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత మీట నొక్కింది.

టేపు యంత్రం కిర్రుమంది. గిరగిరా తిరిగింది, ఆగింది, కొంచెం వెనక్కి వెళ్ళింది, పరుగు అందుకుంది, పట్టుకుంది. తెర మీద కింద మూల అంకె మారింది: 1 / 312. ఎవరూ ముట్టుకోలేదు. అదే మళ్ళీ తిరిగింది, వెతుక్కుంది, పట్టుకుంది. 2 / 312. పదహారో ముక్కకు వచ్చేసరికి వజీహ్ కూడా గింజలు తినడం మానేశాడు. నలభైకి వచ్చేసరికి పక్క గదిలోంచి సౌండు వాళ్ళు వచ్చి గోడకు నిలబడ్డారు. కుట్టుపని చేసే ఆడవాళ్ళిద్దరు సూదులు చేతుల్లోనే పట్టుకుని వచ్చారు. టేపు అయిపోగానే యంత్రం ఆగి, తరువాతి టేపు పేరు తెర మీద అడిగేది. తహానీ పెట్టేది. అది తనంతట తాను మళ్ళీ పనిలో పడేది. ముగ్గురు మనుషులు వారం రోజులు చేయవలసిన పని, బుద్ధిమంతురాలైన కోడలిలా నోరెత్తకుండా చేసుకుపోతోంది.

రెండు గంటలు దాటాక తెర మీద ఆ మాట వచ్చింది. ఎనభై ఏడు ముకర్రర్ పెట్టమని.

తహానీ ఎనభై ఏడో క్యాసెట్టునే తీసి, ఖాళీ దాటేదాకా చేత్తో తిప్పించి, మళ్ళీ పెట్టి, మీట నొక్కింది. యంత్రం ముందుకు పోయింది. ఆగింది. వెనక్కి తిరిగింది. ఇంకా వెనక్కి తిరిగింది. ఖాళీలో పడిందా, మళ్ళీ గాడిద ఇంటికే పోతుంది.

"పోయింది, పోయింది..." అని గొణిగాడు హాతెమ్.

"నోరు ముయ్యరా!" అన్నాడు బర్సూమ్, బాబూ గీబూ అన్నీ మరిచిపోయి.

యంత్రం ఆగింది. పరుగు అందుకుంది. పట్టుకుంది.

తెర నిండా నజ్లా హానెమ్. స్టేషను బల్ల మీద కూర్చుని, రుమాలు నోట్లో కుక్కుకుని, రైలు వెళ్ళిపోయిన వైపు చూస్తూ ఏడుస్తోంది. ఆ ఏడుపు చూసి గదిలో అందరూ కేకలు పెట్టారు! కుట్టుపని ఆవిడ ఒకామె నాలుక ఆడించి పెళ్ళింట్లో పెట్టినట్టు జగ్రూత పెట్టింది, రెండో ఆవిడ అందుకుంది, వాళ్ళను మించి బర్సూమ్ అందుకున్నాడు. మగవాడు జగ్రూత పెట్టడం ఏమిటని ఎవరూ అడగలేదు. హాజీగారు లేచి నిలబడి తెరను, తహానీని మార్చి మార్చి చూశారు.

"పద్నాలుగూ చూపించనా హాజీగారూ, ఏరి చూపించమంటారా?" అంది తహానీ.

హాజీగారు పగలబడి నవ్వారు. నాలుగు రోజులకు ఆ మనిషి నవ్వడం అదే మొదలు. హాతెమ్ మాత్రం కిటికీ దగ్గరికి వెళ్ళి వీధి చూడటం మొదలుపెట్టాడు. తోరణం కట్టేవాళ్ళను అంత శ్రద్ధగా చూసినవాడు ఆ వీధిలో మరొకడు లేడు.

తర్వాత ఇంక అడ్డు లేదు. నూట తొంభై, రెండు వందల ముప్ఫై, రెండు వందల ఎనభై. ముకర్రర్లు ఆరింటికి ఆరూ దారి తప్పకుండా ఇంటికి చేరాయి. ఒకవైపు ముక్కలు లోపలికి వస్తుంటే మరోవైపు తహానీ నోటుపుస్తకంలో ఏ ముక్క కథలో ఎక్కడ అతకాలో రాసుకున్న నాలుగో గడి చూసుకుంటూ, మొదటి భాగం వరస ఎలా ఉండాలో సౌండు అబ్బాయిలకు చెబుతోంది. గురువారం దాకా ఎందుకు, ఈ లెక్కన రేపు సాయంత్రానికే రెండు భాగాలూ తయారవుతాయి. ఆ మాట ఎవరో పైకే అన్నారు. హాజీగారు మెట్ల దగ్గరికి వెళ్ళి కింద కారులో కాచుకుని ఉన్న స్టూడియో మనిషిని అక్కడి నుంచే చెయ్యి ఊపి పంపించేశారు. అతను అప్పటికే పైకి పంపిన కాగితం నాలుగు ముక్కలు చేసి బర్సూమ్ పళ్ళెంలో పడేశారు.

"అందరూ వినండి," అన్నారు. "శనివారం నాడు నేను ఈమెను అనరాని మాటలన్నాను. మీ అందరి ముందే అన్నాను కాబట్టి మీ అందరి ముందే అంటున్నాను, నాది తప్పు. నన్ను క్షమించమ్మా తహానీ. ఈ సీరియల్‌కు ఎడిటర్ నువ్వే. ముప్ఫై రోజులూ తెర మీద నీ పేరే. దేవుడి మీద ఒట్టు."

తహానీకి ఏడుపు వచ్చింది. దాచుకోలేదు కూడా. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, నవ్వింది. షర్బత్ తెమ్మన్నారు హాజీగారు. బర్సూమ్ అప్పటికే గ్లాసులు కడుగుతున్నాడు.

అయిదు దాటి ఇరవై నిమిషాలకు అంకె 311 దగ్గర ఆగింది. యంత్రం ఆఖరి టేపు అడిగింది: నూట నలభై ఒకటి.

టైటిల్స్ టేపు అది. గ్రాఫిక్స్ వాళ్ళు చేసి పంపిన పసుపు కవరు అల్మారా పై అరలో సీలు విప్పకుండా ఉంది. కవరు మీద వజీహ్ చేతిరాత: 'తహానీ తెరవకూడదు'. అది వచ్చిన రోజున ఆయనే నవ్వుతూ అన్నాడు, "నీ పేరు మొదటిసారి ఇంట్లో టీవీలో చూసుకోవాలి, పిల్లా. ముందే చూస్తే సంబరం పోతుంది," అని. ఆ మాటకు కళ్ళు చెమర్చి, ఇన్నాళ్ళూ ఆ కవరు వైపు చూడటం కూడా మానేసింది తహానీ. టైటిల్స్ ఏ టేపులోనైనా ఒకే అంకె దగ్గర మొదలవుతాయి కాబట్టి, చూడకుండానే కంప్యూటర్ జాబితాలో ఎక్కించింది.

"టైటిల్స్ రేపు చూసుకుందాంలే," అన్నాడు వజీహ్, తొందరగా లేచి. "పొద్దుట్నుంచీ మెతుకు ముట్టలేదు నువ్వు. నేనే ఎక్కిస్తాను, నువ్వు ఇంటికి వెళ్ళు."

"మూడు వందల పన్నెండు అన్నాను ఉస్తాద్," అంది తహానీ. "మూడు వందల పదకొండు అనలేదు."

కవరు చింపింది. క్యాసెట్టు పెట్టింది. మీట నొక్కింది. యంత్రం తిరిగింది, వెనక్కి వెళ్ళింది, పరుగు అందుకుంది, పట్టుకుంది. 312 / 312. గదిలో చప్పట్లు మోగాయి. సరిగ్గా అప్పుడే వీధి చివరి మసీదులో మగ్‌రిబ్ అజాన్ మొదలైంది. హాజీగారు చెయ్యి ఎత్తి అందరినీ నిశ్శబ్దం చేశారు.

ఆ నిశ్శబ్దంలో తెర మీద పేర్లు ఒకటొకటే వచ్చాయి. నజ్లా హానెమ్ పేరు, తక్కిన నటులు, సంగీతం. తహానీ రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంది.

ఎడిటింగ్: హాతెమ్ సబ్రీ.

ఎవరికీ ముందు అర్థం కాలేదు. బర్సూమ్ పైకే చదివాడు, మళ్ళీ చదివాడు. కిటికీ దగ్గర హాతెమ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

తహానీ యంత్రం ఆపి, క్యాసెట్టు బయటికి తీసింది. దాని వీపున గ్రాఫిక్స్ ఆఫీసు ముద్ర, తేదీ ఉన్నాయి. సెప్టెంబరు ఇరవై ఏడు. డిస్కు చచ్చిపోయింది అక్టోబరు తొమ్మిదిన. హాతెమ్ ఈ మెట్లు ఎక్కింది అక్టోబరు పదిన. పన్నెండు రోజుల ముందే, చావని డిస్కుకు వారసుడి పేరు రాసిపెట్టి ఉంచారు. ముద్ర కింద, పేర్లు ఇచ్చినవారు సంతకం చేయవలసిన గడిలో, ఒక సంతకం ఉంది. కవరు మీద ఉన్న చేతిరాతే అది.

ఈసారి ఆమెకు ఏడుపు రాలేదు. నోటుపుస్తకం దగ్గరికి లాక్కుని, కలం మూత తీసి, ఆఖరి పేజీలో కొత్త వరస రాసింది. టేపు నూట నలభై ఒకటి. మొదలు అంకె. ముగింపు అంకె. నాలుగో గడి ఖాళీగా వదిలింది.

అజాన్ ముగిసింది.

"హాజీగారూ, మీరు కూర్చోండి," అంది తహానీ. క్యాసెట్టు వీపు ఆయన వైపు తిప్పి బల్ల మీద నిలబెట్టింది. తర్వాత తలుపు వైపు నడుస్తున్న వజీహ్‌ను పిలిచింది. బర్సూమ్ అప్పటికే తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు, చేతిలో షర్బత్ పళ్ళెంతో.

"ఉస్తాద్, మీరే డైరెక్టర్ కదా. ఈ ముక్క కథలో ఎక్కడ అతికించమంటారో చెప్పి వెళ్ళండి."